తెరమీద మన మాట – సిరిసిల్ల వేణు ప్రయాణం



కళాశాల సంచికల్లో సినిమా మీద ఒక వ్యాసం తప్పకుండా ఉంటుంది. "సినిమాలు – యువతరం" అనో, "చలనచిత్రాలు – సమాజంపై ప్రభావం" అనో పేరు పెడతారు. సగం దాకా సినిమాలు మనల్ని చెడగొడుతున్నాయని రాస్తారు, మిగతా సగం బాగుచేయవచ్చునని రాస్తారు, చివరకు ప్రభుత్వం నడుం బిగించాలని ముగిస్తారు. గ్రంథాలయంలో పాత సంచికలు తిరగేసిన. అన్నీ అట్లనే ఉన్నాయి. నేను అంత పెద్ద విషయం జోలికి పోను. ఒక్క మనిషి గురించి రాస్తాను. ఆయన పేరు వేణు యెల్దండి. "బలగం" వేణు అంటే మీకు వెంటనే తెలుస్తుంది. "జబర్దస్త్" వేణు అంటే ఇంకా తొందరగా తెలుస్తుంది. నా బాధ అక్కడే మొదలవుతుంది.

"సైన్సు చదివేటోనికి సినిమా ముచ్చట ఎందుకు?" అని మా భౌతికశాస్త్రం సారు అడుగవచ్చు. సార్, ఒక వస్తువు ఎటు కదులుతుందో చెప్పాలంటే దానిమీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో లెక్కగట్టాలని మీరే గదా చెప్పింది. ఒక మనిషి కూడా అంతే. సిరిసిల్లలో పుట్టిన ఒక పిల్లవాడు తెరమీదికి ఎట్లా పోయిండు, అక్కడ ఆయనకు ఏ పని ఇచ్చిండ్రు, ఆ పని నుంచి ఆయన ఎట్లా బయటపడ్డడు – ఈ లెక్క మనకు పనికొచ్చే లెక్క. ఎందుకంటే సిరిసిల్ల మనకు పరాయి ఊరు కాదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా మనది, వాళ్ళది ఒకటే కరీంనగర్ జిల్లా. వాళ్ళకు మగ్గం, మనకు బొగ్గు. మాట మాత్రం ఒకటే.

వేణు హైదరాబాదు పోయి ఏండ్లకొద్దీ చిన్న చిన్న వేషాలు వేసిండు. 2007లో "మున్నా" అనే సినిమా వచ్చింది. ప్రభాస్ కథానాయకుడు, వంశీ పైడిపల్లికి దర్శకుడిగా అది మొదటి సినిమా, నిర్మాత దిల్ రాజు. అందులో టిల్లు అనే హాస్యపాత్ర వేణుది. ఆ పేరు ఆయనకు అంటుకుపోయింది. అప్పటినుంచి "టిల్లు వేణు" అయిండు. మన ఊర్లల్లో ఇంటిపేరు పోయి ఎక్కిరింపు పేరు నిలబడటం మామూలే గాని, బతుకుదెరువు కోసం దాన్ని తానే మోయవలసి రావటం వేరు. తరువాత 2013లో ఈటీవీలో "జబర్దస్త్" మొదలైంది. వేణు అందులో ఒక జట్టుకు నాయకుడు. స్కిట్టు తయారు చేయాలె, తన జట్టుతో ఆడించాలె, తానూ ఆడాలె. వారం వారం నవ్వించాలె. నవ్వకపోతే వచ్చే వారం ఉంటడో లేదో తెల్వదు.

నవ్వించటం తక్కువ పని అని నేను అనను. మా ఊరిలో పొద్దంతా పత్తి ఏరి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి గంటసేపు టీవీ ముందర కూర్చొని నవ్వుకుంటే, అది వాళ్ళు సంపాదించుకున్న నవ్వు. పుస్తకాలు చదివిన మనం దాన్ని తప్పు పట్టే హక్కు లేదు. కానీ ఆ నవ్వు దేనిమీద వస్తున్నది అన్నది చూడాలె గదా. తాగుబోతు మీద, లావు మనిషి మీద, ఆడవేషం వేసిన మగవాని మీద, ముఖ్యంగా మన మాట మీద. 2014లో ఒక స్కిట్టులో గీత కార్మికుల ఇండ్ల ఆడవాళ్ళను కించపరిచారని కోపం వచ్చిన కొందరు వేణు మీద చేయి చేసుకున్న సంగతి పత్రికలకెక్కింది. కొట్టడం తప్పు. అందులో రెండో మాట లేదు. అయితే ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో కూడా అర్థం చేసుకోవాలె. తాటిచెట్టు ఎక్కి దిగే మనిషికి తన బతుకు తెరమీద ఎన్నడూ కనపడలేదు. కనపడ్డనాడు నవ్వులాటగా కనపడింది.

తెలంగాణ మాటకు సినిమాలో ఏ చోటు ఇచ్చిండ్రో పెద్దవాళ్ళకు తెలుసు. 1985లో వచ్చిన "ప్రతిఘటన" మంచి సినిమానే. ఆవేశంతో తీసిన సినిమా. అందులో దుర్మార్గుడైన రాజకీయ నాయకుడికి మాత్రం మన యాస పెట్టిండ్రు. కోట శ్రీనివాసరావు గారు ఆ పాత్రలో అద్భుతంగా నటించిండ్రు. నటుడి మీద నాకు కోపం లేదు, ఆయన మహానటుడు. మంచి మాట్లాడే వాళ్ళందరికీ ఒక భాష, గూండాకు మరొక భాష అన్న లెక్క మీదనే నా కోపం. ఆ లెక్క ముప్పై ఏండ్లు నడిచింది. కథానాయకుడికి ఒక తెలుగు. రౌడీకి, వాచ్‌మెన్‌కు, పనిమనిషికి, హాస్యగానికి మన తెలుగు.

దీని ఫలితం తెరమీదనే ఆగిపోతే నేను ఈ వ్యాసం రాయకపోదును. ఇంటర్ చదివేటప్పుడు నగరంలో ఒక చోట నేను లెక్కకు జవాబు చెప్తూ "గట్ల కాదు సార్, గిట్ల" అన్న. క్లాసంతా నవ్వింది. జవాబు సరిగ్గానే ఉంది. సారు కూడా నవ్వి, "ఏదీ, మళ్ళీ అను" అన్నరు. ఆ పిల్లలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకు ఆ మాట వినపడగానే నవ్వాలని టీవీ నేర్పింది. ఆ తరువాత ఏడాది పొడుగునా క్లాసులో నేను నోరు విప్పలేదు. నోరు విప్పని పిల్లవానికి అనుమానాలు తీరవు, అనుమానాలు తీరకపోతే మార్కులు రావు. ఈ లెక్క ఎవ్వరూ వేయరు.

ఇక్కడ ఇంకొక పెద్దమనిషిని తలచుకోవాలె. ఈ సంచిక చదివేవాళ్ళలో ఎంతమందికి పైడి జైరాజ్ పేరు తెలుసు? 1909లో కరీంనగర్‌లో పుట్టిండు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిండు. 1929లో బొంబాయి పోయి మూకీ సినిమాల కాలంలోనే కథానాయకుడు అయిండు. మాటలు రాని సినిమాలో మొదలుపెట్టి, మాటలొచ్చిన తర్వాత కూడా నిలబడ్డ కొద్దిమందిలో ఒకడు. "టిప్పు సుల్తాన్", "పృథ్వీరాజ్ చౌహాన్", "చంద్రశేఖర్ ఆజాద్" – చరిత్ర సినిమా అంటే ఆయనే. దర్శకుడిగా 1945లో "ప్రతిమ" తీస్తే అందులో దిలీప్ కుమార్ నటించిండు. అప్పటికి దిలీప్ కుమార్ ఇంకా కొత్తవాడు. 1963లో గాంధీ గారి హత్య మీద విదేశీయులు తీసిన "నైన్ అవర్స్ టు రామ" సినిమాలో జి.డి. బిర్లా పాత్ర వేసిండు. అందరూ వందసార్లు చూసిన "షోలే"లో పోలీసు కమిషనర్ ఎవరనుకున్నరు? ఆయనే. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. 2000లో బొంబాయిలోనే కన్ను మూసిండు.

ఇంత చేసిన మనిషి మన జిల్లావాడని మన జిల్లాకే తెల్వకపాయె. తెలంగాణ వచ్చిన తర్వాత రవీంద్రభారతిలో చిన్న సినిమా హాలుకు ఆయన పేరు పెట్టిండ్రు. సంతోషమే. కానీ ఒక మాట అడుగాలె. జైరాజ్ ఎందుకు అంత దూరం పోవలసి వచ్చింది? ఆయన బయలుదేరిననాటికి తెలుగు మాట్లాడే సినిమానే లేదు. "భక్త ప్రహ్లాద" వచ్చింది 1932లో. ఆ తర్వాత తెలుగు సినిమా మద్రాసులో పెరిగింది. నిజాం రాజ్యంలో చదివిన కరీంనగర్ పిల్లవానికి మద్రాసు కంటే బొంబాయే దగ్గర. ఉర్దూ వచ్చు, హిందీ సినిమా సరిపోయింది. ఆయన తప్పేమీ లేదు. మనకు మిగిలిందేమిటంటే, తెరమీద అందరు రాజుల వేషాలూ వేసిన మనిషి మన మాట ఒక్కటి కూడా తెరమీద మాట్లాడకుండానే పోయిండు.

ఇప్పుడు వేణు దగ్గరికి వద్దాం. నవ్వులాటల నుంచి బయటపడి ఆయన ఒక కథ రాసుకున్నడు. 2023 మార్చి 3న "బలగం" విడుదలైంది. నిర్మించింది దిల్ రాజు సంస్థే. టిల్లు వేషం ఇచ్చిన ఇంటివాళ్ళే పదహారేండ్ల తర్వాత దర్శకత్వం కూడా ఇచ్చిండ్రు. కథ ఎంత చిన్నదంటే, మా నాయిన విని "గిది గూడ సిన్మానా?" అన్నడు. కొమురయ్య అనే ముసలాయన చచ్చిపోతడు. మనుమడు సాయిలుకు పెండ్లి కుదిరి ఉంది, నెత్తిమీద అప్పులున్నయి. తాత చచ్చినందుకు కాదు, పెండ్లి ఆగుతుందని వానికి దుఃఖం. మూడోనాడు పిండం పెడితే కాకి ముట్టదు. ఐదోనాడు ముట్టదు. పదకొండోనాడైనా ముట్టుతదా? ఇరువై ఏండ్ల కింద దావత్‌లో అల్లునికి నల్లిబొక్క వేయలేదన్న పంచాయితీతో విడిపోయిన ఇల్లు అది. ఆడబిడ్డ పుట్టింటికి రాదు. బామ్మర్దులు బావ ముఖం చూడరు.

నేను ఈ సినిమాలో మెచ్చుకునేది ఏడిపించటం కాదు. ఏడిపించటం సులువు. పీనుగు ముందర ఎవరికైనా ఏడుపొస్తది. నేను మెచ్చుకునేది ఒకటే: ఇందులో మన మాట ఎవ్వరికీ వేషం కాదు. మంచివాడు అదే మాట, చెడ్డవాడు అదే మాట, ప్రేమించే పిల్ల అదే మాట, ఏడ్చేవాళ్ళు అదే మాట. అందరికీ ఒకటే మాట ఉన్నప్పుడు అది యాస కాదు, భాష. అంతకు ముందు ఈ తొవ్వ కొందరు వేయలేదని కాదు. 2017లో "ఫిదా"లో కథానాయికకు మన మాట వచ్చింది, ఆ మాటలు సాయి పల్లవి తానే నేర్చుకొని చెప్పింది. 2019లో "మల్లేశం" వచ్చింది. చాలా వెనుక, 1980లో "మా భూమి" ఉండనే ఉంది. దాన్ని నిర్మించిన బి. నరసింగరావు గారు 1983లో "రంగుల కల" తీసి అందులో చిత్రకారుని వేషం తానే వేసిండ్రు, 1988లో "దాసి" తీసిండ్రు. అవార్డులు వచ్చినయి. కానీ ఆ సినిమాలు ఊరి మనిషి దాకా ఎంతమందికి చేరినయి? "బలగం" చేరింది. 2023 ఎండకాలంలో గ్రామ పంచాయతీల ముందర, బడి మైదానాల్లో తెరలు కట్టి ఊర్లకు ఊర్లు కూర్చొని చూసినయి. ఒకప్పుడు చిరుతల రామాయణం చూసినట్టు, చాపలు తెచ్చుకొని.

నరసింగరావు గారికి చేతకానిది వేణుకు ఎట్లా అయింది? నా అభిప్రాయం చెప్తున్న, తప్పంటే వాదించండి. టీవీలో గడిపిన ఆ ఏండ్లు ఆయనకు దండుగ కాలేదు. పత్తి ఏరి వచ్చిన ఆడమనిషి ఎక్కడ నవ్వుతది, ఎక్కడ లేచి పోతది అన్నది అక్కడ వారం వారం నేర్చుకున్నడు. అందుకే "బలగం"లో చావింట్లో కూడా నవ్వొస్తది. మన ఊర్లల్లో చావింట్లో నవ్వు రాకుండ ఉంటదా? ఒకడు తాగి వస్తడు, ఒకడు మటన్ లెక్క అడుగుతడు. కళాత్మక సినిమా వాళ్ళు మనల్ని ఎప్పుడూ దుఃఖంలోనే చూసిండ్రు, వ్యాపార సినిమా వాళ్ళు ఎప్పుడూ వెకిలిగానే చూసిండ్రు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే పూట ఉంటయని సిరిసిల్ల మనిషికి తెలుసు.

చివరి ఘట్టంలో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతరు. ఆ కథ చెప్పే కళ వాళ్ళ తాతలనాటిది. ఏ ఇంట్లో చావైనా వచ్చి, పోయినవాళ్ళ పేరు కట్టి పాడుతరు. అన్నేండ్లు ఇంటింటి ముందర పాడితే రాని పేరు ఆ ఒక్క పాటతో వచ్చింది. అప్పటికే మొగిలయ్య గారి ఆరోగ్యం చెడిపోయి ఉంది. 2024 డిసెంబరులో పోయిండ్రు. 2025లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఇదే సినిమాలోని ఊరి పాటకు కాసర్ల శ్యామ్ గారికి ఉత్తమ గేయ రచయిత అవార్డు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. కానీ బుడగ జంగాల పిల్లలకు ఇప్పుడు ఆ కథలు నేర్పేవాళ్ళు ఎంతమంది మిగిలిండ్రు?

ఇక నా అసలు మాట.

"బలగం" చూసి ఎన్నో ఏండ్ల నుంచి మాట్లాడని అన్నదమ్ములు కలిసిపోయిండ్రని పత్రికలు రాసినయి. కలిసినవాళ్ళు కలిసే ఉంటరు. మా ఊరిలో కూడా బడి దగ్గర తెర కట్టిండ్రు. మా నాయిన, మా పెద్దనాయిన ఇద్దరూ వచ్చిండ్రు. ఒకరు ఈ పక్క, ఒకరు ఆ పక్క కూర్చున్నరు. ఇద్దరూ కండ్లు తుడుచుకున్నరు, నేను చూసిన. సినిమా అయినంక ఎవరి తొవ్వన వాళ్ళు ఇంటికి పోయిండ్రు. మా అవ్వ వాకిట్లో కూర్చొని, "సూసిండ్రు గదా, ఇగనన్న మాట్లాడుకోండ్రి" అంటే, మా నాయిన చెప్పులు విడుస్తూ, "అండ్ల పంచాయితి నల్లిబొక్క కాడిది. మనది గట్ల గాదు" అన్నడు.

ఆయన అన్నది నిజం. మా తాత భూమిలో కొంత ఒక పెద్ద పని కోసం సేకరణలో పోయింది. పరిహారం డబ్బులు వచ్చినయి. పాసుబుక్కు ఎవరి పేరుమీద ఉంది, సాగు ఎవరు చేసిండ్రు, ఆడబిడ్డకు వాటా ఉందా లేదా, బోరు ఎవరి పైసలతోని పడ్డది – అన్నీ ఒక్కసారే లేచినయి. భూమి ఉన్నన్ని రోజులు ఈ ప్రశ్న రాలేదు. భూమిని పంచుకోకుండా కూడా కలిసి దున్నవచ్చు. డబ్బును కలిసి దున్నలేరు. నల్లిబొక్క పంచాయితీకి ఏడుపుతో తీర్పు దొరుకుతది. దీనికి దొరుకదు. సిరిసిల్ల వేణు తన ఊరి కథ తాను చెప్పుకున్నడు, గొప్పగా చెప్పుకున్నడు. మన రామగుండం, గోదావరిఖని, మంథని దిక్కు ఊర్ల కథ ఇంకా ఎవ్వరూ చెప్పలేదు.

"చెప్పలేదంటవేంది, 'దసరా' వచ్చింది గదా!" అంటరు. వచ్చింది. అదే 2023 మార్చిలో, 30వ తారీఖున. గోదావరిఖని దగ్గరి వీర్లపల్లి అని ఒక ఊరు పెట్టి, నాని, కీర్తి సురేష్‌తో తీసిన సినిమా. మన దగ్గర థియేటర్లకు జాతరకు పోయినట్టు పోయిండ్రు. నేను కూడా రెండుసార్లు చూసిన. బొగ్గు మసి ముఖాలకు పూసుకొని మన మాట మాట్లాడితే ఈల వేసిన, దాచుకోను. కానీ ఆలోచించండి. అందులో కథానాయకుడు నడిచే రైలు ఎక్కి బొగ్గు దొంగిలిస్తడు. ఊరి నడుమ బారు. మగవాళ్ళందరికీ తాగుడు. బాయిలో దిగే మనిషి ఏడీ? మొదటి షిప్టుకు టిఫిన్ డబ్బా పట్టుకొని పోయి, బయటికి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళకు నమ్మకం లేని ఆ మనిషి ఏడీ? తట్టా చెమ్మసుతో మొదలై ఇవాళ పెద్ద యంత్రాల దాకా వచ్చిన ఆ పని ఏడీ? బొగ్గు ఉంది, బొగ్గు పని లేదు.

ఇంకొక సంగతి. "బలగం" సిరిసిల్ల దిక్కు నిజమైన ఊర్లల్లో తీసిండ్రు. ఇండ్లు, వాకిండ్లు, చెరువుకట్ట అన్నీ ఉన్నవే. "దసరా" ఊరు చాలా భాగం సెట్టు కట్టిండ్రు. ఖర్చు వాళ్ళది, సౌకర్యం వాళ్ళది, నేను తప్పు పట్టను. కానీ నాకు అందులో ఒక అర్థం తోచింది. బాయి భూమి లోపల ఉన్నన్ని రోజులు పైన ఊరు ఉండేది. ఓపెన్‌కాస్టు అట్ల కాదు. పైమట్టి అంతా తీసి పక్కన గుట్ట పోస్తేనే కింది బొగ్గు దొరుకుతది. పైమట్టి అంటే ఏమిటి? చేను, చింతచెట్టు, పోచమ్మ గుడి, బొడ్రాయి – అన్నీ పైమట్టే. గనుల దిక్కు బస్సులో పోతుంటే కనపడే ఆ మట్టి గుట్టలు మన చిన్నప్పటి నుంచి చూస్తున్న గుట్టలు కావు, కొన్ని మనకంటే చిన్నవి. ఇటు ఎల్లంపల్లి నీళ్ళ కింద కొన్ని ఊర్లు పోయినయి. సిరిసిల్ల దిక్కు కూడా మిడ్ మానేరు కింద ఊర్లు మునిగినయి, వాళ్ళ బాధ వాళ్ళకుంది. దేశానికి కరెంటు కావాలె, బొగ్గు కావాలె, నీళ్ళు కావాలె. నేను వాటికి వ్యతిరేకం రాయటం లేదు, మా బావిమీది మోటారు కూడా ఆ కరెంటుతోనే నడుస్తది. నేను అడిగేది చిన్నది: పోయే ఊరు పోకముందు దాని బొమ్మ ఎవరన్నా తీసి పెట్టుకున్నరా?

బయటి దేశంలో బొగ్గు ఊరి సినిమా ఎట్లా తీసిండ్రో చూద్దామని ఈ మధ్య ఫోనులో "కెస్" అనే సినిమా చూసిన. 1969లో బ్రిటన్‌లో కెన్ లోచ్ తీసింది. ఆయన కూడా మొదట నాటకాల్లో నటుడు, తరువాత టీవీలో పనిచేసి సినిమాకు వచ్చిండు. మన వేణు తొవ్వనే. బార్న్స్‌లీ అనే బొగ్గు ఊరు. అన్న బాయిలో పనిచేస్తడు, తమ్ముడు బాయిలోకి పోను అంటడు, ఒక డేగ పిల్లను పెంచుకుంటడు. అంతే కథ. ఆ పిల్లవాడు ఆ ఊరి బడి పిల్లవాడే. వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషు, మనకు చెప్పే ఇంగ్లీషు ఒకటి కాదు, కింద అక్షరాలు చూస్తే గాని నాకు అర్థం కాలేదు. మొదట నవ్వొచ్చింది. ఇంగ్లీషువాళ్ళకు కూడా "గట్ల – గిట్ల" ఉందన్నమాట! తరువాత నవ్వు రాలేదు. ఇవాళ బార్న్స్‌లీలో గనులు లేవు, మూతపడ్డయి. ఆ ఊరి మాట, ఆ బడి, ఆ బొగ్గు కుప్పలు ఆ సినిమాలో ఉన్నయి.

మన దగ్గర వేణు లాంటి మనిషి ఎప్పుడు పుడతడు అని ఎదురుచూడవలసిన పనిలేదు. మన కళాశాలలోనే ఉన్నరు. వార్షికోత్సవం నాడు లెక్చరర్ల గొంతులు దింపే మన మూడో సంవత్సరం అన్న ఉన్నడు గదా, ఆయనకు ఎవరు ఎట్ల మాట్లాడుతరో నేర్పవలసిన పనిలేదు. కానీ మనం ఆయనను ఏడాదికి ఒక్కరోజు, పది నిమిషాలు పిలుస్తం, నవ్వుతం, పంపిస్తం. అదే వార్షికోత్సవంలో నాటకం వేస్తే అందులో కథానాయకుడు "నేను వెళ్తున్నాను" అంటడు, నౌకరు "నేను పోతున్న" అంటడు. మన కళాశాలలో, మన పిల్లలు రాసిన నాటకంలో! బయటివాళ్ళను ఇంక ఏమనాలె?

అందుకే విద్యార్థి సంఘం కార్యవర్గానికి నేను ఒక లేఖ ఇచ్చిన. అందులో రెండే అడిగిన. ఒకటి, ఈ ఏడాది నాటకంలో అందరికీ ఒకే మాట ఉండాలె, అది ఏ మాటైనా సరే. రెండు, వార్షికోత్సవానికి నగరం నుంచి తెప్పించే డీజే ఖర్చులో కొంత తగ్గించి, ఒక మైకు, ఫోను నిలబెట్టే రెండు స్టాండ్లు కొనాలె. ఫోన్లు అందరి దగ్గర ఉన్నయి, కొనే పనిలేదు. భూసేకరణ నోటీసులు వచ్చిన ఊర్ల పిల్లలు మన కళాశాలలో ఎంతమంది ఉన్నరో లెక్క తీసుకొని, ఒక్కొక్క ఊరికి నలుగురం పోవాలె. ముసలివాళ్ళను కూర్చోబెట్టి వాళ్ళ మాట వాళ్ళు మాట్లాడంగ తీయాలె. ఎవ్వర్నీ ఏడిపించవద్దు. ఏ చెట్టు కింద ఏ పంచాయితీ అయింది, ఏ బాయిలో ఎవరు పోయిండ్రు, ఏ పండుగకు ఎవరి ఇంటినుంచి బోనం ముందు లేస్తది – అంతే.

అధ్యక్షుడు అన్న, లేఖ చదివి "మంచిగనే ఉన్నది గని, డీజేకు అడ్వాన్సు ఇచ్చినం తమ్మీ" అన్నడు. మైకు ధర మాత్రం కనుక్కొని రమ్మన్నడు. కనుక్కున్న. మార్కెట్లో రెండు దుకాణాలల్లో అడిగిన, బట్టకు గుచ్చుకునేది చిన్నది చాలు, డీజే అడ్వాన్సులో సగం కూడా కాదు. పరీక్షలు అయినంక ఎండకాలం సెలవులు. మొదలు మా ఊరికే పోదామని ఉంది. మా పెద్దనాయినకు భూమి సంగతులన్నీ తెలుసు, ఏ గెట్టు ఎవరిది, ఏ కుంటకు ఆ పేరు ఎందుకొచ్చింది అన్నది ఆయన చెప్పాల్సిందే. ఆయన్ను అడిగేది మాత్రం నేను కాదు, మన మిమిక్రీ అన్నను పంపుతా.

– బి.ఎస్సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థి